మెటీరియల్స్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయింది, జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది, ఇంట్లో మాత్రం బీఈడీ చేయమంటున్నారు, మెటీరియల్స్ వైపు వెళ్లొచ్చా అని అడిగారు. పన్నెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, నేను చూసింది చెప్తాను.

నా పీహెచ్‌డీ బిస్మత్ ఫెరైట్ మీద. గది ఉష్ణోగ్రత దగ్గరే అయస్కాంత క్రమం (లోపలి చిన్న చిన్న అయస్కాంతాలు ఒక వరుసలో ఉండటం), విద్యుత్ ధ్రువణం (ధన, రుణ ఆవేశాలు కాస్త విడిగా జరిగి ఉండటం) రెండూ ఉండే అరుదైన పదార్థం. 2003లో దాని పల్చటి పొరల మీద ఒక పేపర్ వచ్చాక ప్రపంచంలో ఎన్నో ల్యాబులు దాని వెంట పడ్డాయి. చదువుతుంటే బాగుంటుంది గానీ శుద్ధంగా తయారుచేయడం చాలా కష్టం. బిస్మత్ ఆక్సైడ్ 817 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, ఫర్నేస్‌లో కొంత ఆవిరైపోతుంది, ఆ కాస్త తగ్గితే చాలు వేరే ఫేజ్ (అవే మూలకాలతో వేరే నిర్మాణమున్న పదార్థం) పుట్టుకొచ్చి, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో పదార్థ నిర్మాణం చూసే పరీక్ష) గ్రాఫ్‌లో 28 డిగ్రీల కోణం దగ్గర అక్కర్లేని పీక్ తేలుతుంది. కల్వంలో గంటల తరబడి నూరడం, ఆ పొడిని నొక్కి పెల్లెట్ (బిళ్ల) కొట్టడం, కాల్చడం, చూస్తే మళ్లీ అదే పీక్. పదకొండు నెలలు! చివరికి బిస్మత్ కొద్దిగా ఎక్కువ కలిపి, తక్కువ సేపు కాల్చి, వేడి మీదే బయటికి తీసి చల్లార్చితే ఆ పీక్ పోయింది. ప్రింటవుట్ పట్టుకుని గైడ్ గారి గదికి పరిగెత్తాను.

ఆ పదకొండు నెలల్లో ఒక్క పేపర్ రాలేదు. కానీ నాకు ఉద్యోగం తెచ్చినవి ఆ నెలలే. ఇంటర్వ్యూలో పేపర్ల గురించి రెండే ప్రశ్నలు అడిగారు, మిగతా సమయమంతా ఏ శాంపిల్ ఎందుకు పాడైంది, ఎలా కనిపెట్టారు అన్న దాని మీదే సాగింది.

డబ్బు సంగతి: 2023 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. బతకొచ్చు. పెళ్లి, ఇల్లు మాత్రం తోటివాళ్ల కంటే ఐదారేళ్లు వెనకపడతాయి, ఈ మాట ఇంట్లో ముందే చెప్పండి. యూనివర్సిటీ పోస్టులు తక్కువే. అయితే హైదరాబాద్‌లోనే డీఎంఆర్‌ఎల్ (రక్షణ శాఖ లోహ పరిశోధన ల్యాబ్), ఏఆర్‌సీఐ (కొత్త పదార్థాల పరిశోధన కేంద్రం), మిధాని (ప్రత్యేక మిశ్రమలోహాల సంస్థ), ఎన్‌ఎఫ్‌సీ (అణు ఇంధనం తయారుచేసే సంస్థ) ఉన్నాయి, అక్కడ జరిగేదంతా పదార్థాల పనే.

చేరేముందు గైడ్ పేరు చూసి ఆగిపోకండి. ఆ ల్యాబ్‌కి వెళ్లి, నాలుగో ఏడాది స్కాలర్‌ని పక్కకు పిలిచి, పరికరాలు మీ చేత్తో నడపనిస్తారా, శాంపిల్ ఇస్తే ఎన్నాళ్లకు డేటా వస్తుంది అని అడగండి. ఆపరేటర్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు అన్నారంటే ఇంకో ల్యాబ్ చూసుకోండి.