ప్రోగ్రామ్ తప్పు జవాబిస్తే కోర్సు మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో హాస్టల్లో ఉండి బీసీఏ మొదటి సంవత్సరం చదువుతోంది. లడ్డూ ఒక్కోటి 50 రూపాయల చొప్పున బిల్లు లెక్కేసే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాసింది. 3 అని కొడితే 150 రావాల్సింది పోయి వరసగా 3లే వచ్చాయట. ‘నాకు కోడింగ్ రాదు, బీకాంకి మారిపోతా’ అంటోంది. మార్పించమంటారా సార్?
- ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఈ ఒక్క కారణంతో అయితే వద్దండి. ఆ 3లు లెక్కపెట్టమనండి, సరిగ్గా 50 ఉంటాయి. పైథాన్‌లో ఇన్‌పుట్‌తో తీసుకున్నది ఏదైనా అక్షరాల కిందే జమ. అక్షరాన్ని 50తో గుణిస్తే దాన్నే 50 సార్లు పక్కపక్కన పేరుస్తుంది. ఇన్‌పుట్ మొత్తాన్ని ఇంట్ (అంకెగా మార్చే ఆదేశం) బ్రాకెట్లలో పెడితే 150 వచ్చేస్తుంది. ధర 50.0 అని దశాంశంలో రాసుంటే, అక్షరాన్ని దాంతో గుణించలేక టైప్ ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆగిపోయేది. అలా ఆగడమే నయం, ఎర్రర్ లేకుండా తప్పు జవాబిచ్చేదాన్ని పట్టుకోవడం కష్టం.

అలాంటప్పుడు అనుమానమున్న వేరియబుల్‌ను (విలువ దాచుకునే పేరు) రెప్ర్‌తో (విలువను ఉన్నదున్నట్టు చూపే ఆదేశం) ప్రింట్ చేయాలి. 3కి రెండు వైపులా కోట్స్ కనబడితే అది అక్షరమే. థానీ అనే ఉచిత ఎడిటర్‌లో కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కి, తర్వాత ఎఫ్6తో ఒక్కో అడుగూ నడిపించవచ్చు. వ్యూ మెనూలో వేరియబుల్స్ తెరిచి ఉంచితే విలువ ఎక్కడ దారి తప్పిందో కళ్లముందే తెలుస్తుంది.

ఎర్రర్ వచ్చిందా, మెసేజ్‌ను కింది నుంచి పైకి చదవాలి. ఆఖరి లైన్లో తప్పేమిటో, దాని పైన అది ఏ లైన్లో వచ్చిందో ఉంటుంది. చూపించిన లైన్ బాగానే ఉంటే పై లైన్ చూడమనండి. బ్రాకెట్ మూయకపోతే పైథాన్ పాత వెర్షన్లు చాలాసార్లు కింది లైన్‌ను తప్పుపడతాయి. 2021లో వచ్చిన పైథాన్ 3.10 నుంచి ఆ బ్రాకెట్‌నే చూపిస్తోంది. నేమ్ ఎర్రర్ (ఆ పేరు తెలీదనడం) అయితే ముందు స్పెల్లింగ్, చిన్న పెద్ద అక్షరాలు చూసుకోవాలి. ఇంకోటి, ప్రాక్టీస్ ఫైలుకు రాండమ్ అని పేరు పెట్టొద్దు. పైథాన్‌లో అదే పేరుతో ఉన్న అసలు మాడ్యూల్ (రెడీమేడ్ కోడ్ ఫైలు) బదులు ఆ ఫైలే ఇంపోర్ట్ అయి, సంబంధం లేని ఎర్రర్ వస్తుంది.

ఒకసారికి ఒకే మార్పు, వెంటనే రన్. నాలుగు చోట్ల మార్చి రన్ చేస్తే ఏది పనిచేసిందో తెలీదు. చాట్‌బాట్‌తో సరిచేయించుకున్నా సరే, ఆ మార్పు ఎందుకో తను చెప్పగలగాలి. ల్యాబ్ వైవాలో, ఇంటర్వ్యూల్లో అడిగేది అదే.

రెండో సెమిస్టర్ అయ్యేదాకా చూడండి. అప్పటికీ తప్పు వెతకడమంటే విసుగే ఉండి, అకౌంట్స్ మీద నిజంగా ఇష్టముంటే బీకాం సంగతి ఆలోచిద్దాం.