1968 మేలో ఫ్రాన్స్ విద్యార్థులు, కార్మికులు ఎందుకు విడిపోయారు?

కలిసే కదిలారు, కోరికలే వేరు. మే 10 రాత్రి పారిస్‌లో విశ్వవిద్యాలయాలుండే లాటిన్ క్వార్టర్‌లో, విద్యార్థులు కట్టిన బారికేడ్ల దగ్గర వారిపై పోలీసులు విరుచుకుపడ్డారు. అందుకు నిరసనగా కార్మిక సంఘాలు 13న ఒకరోజు సమ్మె చేశాయి. మరునాడు నాంత్ దగ్గర విమానాలు తయారుచేసే సూద్ ఏవియేషన్ కార్మికులు పై నుంచి ఆదేశం కోసం చూడకుండా ఫ్యాక్టరీనే ఆక్రమించారు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. రెండు వారాల్లోపే 70 లక్షల నుంచి కోటి మంది పని ఆపారని అంచనా.

అయితే పారిస్ పక్కనే బియాంకూర్‌లోని రెనో కార్ల ఫ్యాక్టరీకి విద్యార్థులు ఊరేగింపుగా వెళ్తే సీజీటీ అనే పెద్ద కార్మిక సంఘం లోపలికి రానివ్వలేదు. సంఘానికి కావలసింది జీతాల పెంపు, విద్యార్థులకు వ్యవస్థ మార్పు. ప్రభుత్వం, యజమానులు, సంఘాలు చర్చించి తేల్చిన, కనీస వేతనాన్ని 35 శాతం పెంచే గ్రెనెల్ ఒప్పందాన్ని మే 27న రెనో కార్మికులే తిరస్కరించారు. 30న అధ్యక్షుడు డీగాల్ పార్లమెంటు దిగువసభను రద్దుచేసి ఎన్నికలు ప్రకటించాక, సమ్మెలు ఒక్కో ఫ్యాక్టరీలో విడివిడి ఒప్పందాలతో ముగిశాయి.