పదో తరగతి పిల్లాడి జేబులో ఖైనీ దొరికితే

కొడుకు జేబులో ఖైనీ ప్యాకెట్ దొరికిందనీ, వాళ్ళ నాన్న నాలుగు తగిలించి హాస్టల్లో వేసేద్దామంటున్నారనీ రాశారు. అమ్మా, ముందు ఆ రెండూ ఆపించండి. నేను శ్రీకాకుళం జిల్లా తీరంలో హైస్కూల్ టీచర్ని. దెబ్బలు తిని మానేసిన పిల్లాణ్ణి నేను చూడలేదు. దాచుకోవడం నేర్చుకున్నవాళ్ళనే చూశాను.

అన్నాలయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని కింది పెదవి తిప్పి చూడండి. ఖైనీ పెట్టేచోట తెల్లబడి ముడతలు పడుతుంది. మా తొమ్మిదో తరగతి పిల్లాడొకడికి అద్దం ఇచ్చి, వాడి పెదవి వాణ్ణే చూసుకోమన్నాను. క్యాన్సర్ బొమ్మ ఉన్న ప్యాకెట్టు రోజూ చింపేవాడే, తన నోరు చూసుకుని బిక్కచచ్చిపోయాడు. అలాంటి మచ్చ ఉంటే దంతవైద్యుడికి చూపించండి. మానేస్తే చాలావరకు పోతుంది. గుట్కా, వక్క ఉన్న పాన్ మసాలా అలా కాదు. మీవాడి మూడు వేళ్ళు నిలువుగా వాడి నోట్లో పట్టకపోతే దవడ బిగుసుకుంటోందని అనుమానించాలి. ఆ బిగుపు మానేసినా పూర్తిగా పోదు, అందుకే ఆలస్యం వద్దు.

ఎవరు అలవాటు చేశారో మెల్లగా కనుక్కోండి. మావైపు గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల బోట్ల మీద పనికి వెళ్ళొచ్చిన అన్నల దగ్గర మొదలవుతుంటుంది. రాత్రుళ్ళు నిద్ర ఆపుకోవడానికి వాళ్ళు నములుతారు, తమ్ముళ్ళకి అది మగతనంలా కనిపిస్తుంది. నేను చెప్పిన పిల్లాడి అన్నతో మాట్లాడితే, తమ్ముడి ముందు నమలడం మానేశాడు. నా పాఠాలకంటే అదే ఎక్కువ పనిచేసింది.

ఇంట్లో నాయనమ్మ అడ్డపొగ తాగుతుంటే ఆవిడ అంగిలి కూడా డాక్టరుకి చూపించండి. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకునే ఆ అలవాటు అంగిలి క్యాన్సర్‌కి దారి తీస్తుంది. చుట్టలు తెమ్మని మాత్రం పిల్లాణ్ణి కొట్టుకి పంపకండి.

బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. 18 ఏళ్ళలోపు పిల్లలకు ఇస్తే 2015 బాలల న్యాయ చట్టం కింద 7 ఏళ్ళ వరకు జైలు పడొచ్చు. నలుగురు తల్లులు హెడ్మాస్టరు గారితో కలిసి వెళ్ళి ఈ మాట చెబితే కొట్టువాళ్ళు వింటారు.

మానేసిన మొదటి వారం చిరాకు, నిద్రలేమి, తలనొప్పి ఉంటాయి. ఆ రోజుల్లో మార్కుల ఊసెత్తకండి. సోంపు దగ్గర పెట్టండి, వక్కపొడి వద్దు. పొగాకు మాన్పించడానికి 1800-11-2356 అనే ఉచిత నంబరు ఉంది. ఫోన్ చేసేటప్పుడు పక్కనే ఉండండి, మాట్లాడేది మాత్రం వాణ్ణే మాట్లాడనివ్వండి.