తెగిపోయిన వేలు, ఊడిపోయిన పన్ను మళ్ళీ అతుకుతాయా? ఎన్ని గంటల్లోపు వెళ్ళాలి? మీ అనుభవం చెప్పండి

అతుకుతాయి. మా బావ కుడిచేతి బొటనవేలు ఇప్పుడు చేతికే ఉంది, ఫోన్లో రీల్స్ కూడా దాంతోనే జరుపుతున్నాడు. కానీ మీరు ‘ఎన్ని గంటల్లోపు’ అని అడిగారు చూడండి, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. గంటల లెక్క డాక్టర్లు చూసుకుంటారు. మన ఊళ్లలో వేళ్లను పోగొట్టేది చుట్టూ చేరినవాళ్లు ఇచ్చే తలో సలహా.

మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె. గేదెల కోసం బావ సూపర్ నేపియర్ గడ్డి వేసి, కరెంటు మోటారుతో తిరిగే గడ్డి మిషన్ కొన్నాడు. గడ్డి ఇరుక్కుంటే మోటారు ఆపి తీయాలి. ఆపడం ఎందుకని చేత్తో లోపలికి తోశాడు. బ్లేడు బొటనవేలిని కణుపు కింద సాఫుగా కోసేసింది. అలా సాఫుగా తెగడం కూడా అదృష్టమేనట. రోలర్ల మధ్య నలిగిపోయినా, నరాలతో సహా పీక్కుని వచ్చేసినా అతికించడం చాలా కష్టమన్నారు తర్వాత.

నేను పరుగెత్తుకెళ్లేసరికి బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతికి తువ్వాలు, ముఖంలో రక్తం లేదు, నోరు మాత్రం తగ్గలేదు. “ముందు మోటారు ఆపండర్రా” అని అరుస్తున్నాడు. మా అప్ప ఏడుస్తోంది. బావ వాళ్ల నాయనమ్మ పసుపు డబ్బా పట్టుకుని వచ్చేసింది. పక్కింటాయన సైకిల్ ట్యూబు ముక్కతో మణికట్టు బిగించి కట్టేశాడు. ఇంకొకాయన కిరాణా కొట్టు ఫ్రిజ్‌లోంచి ఐసు తెచ్చి, మజ్జిగ తాగే స్టీలు గ్లాసులో పోసి, వేలిని దాంట్లో పడేశాడు. ఊరి పెద్దాయన ఒకడు తీర్పు కూడా చెప్పేశాడు: “తెగిపోయిన వేలు అతుకుతాదేటి? గోతిలో కప్పెట్టేసి, ఎల్లి కుట్లేయించుకోండి.”

ఆ రోజు మా పిన్ని కూతురు సెలవులకి ఇంట్లో ఉండబట్టి సరిపోయింది. నర్సింగ్ చదువుతోంది. మామూలుగా నలుగురిలో నోరు విప్పదు. అలాంటిది ఆ ఐసు తెచ్చినాయన చేతిలో గ్లాసు లాక్కుంది. “అన్నయ్యా, వేలికి ఐసు తగలకూడదు, తగిలితే మాంసం పాడైపోద్ది” అంటూ నన్ను ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరకి సెలైన్ బాటిల్ కోసం తరిమింది. వేలి మీద సెలైన్ పోసి మట్టి పోయేలా కడిగింది, రుద్దలేదు. గాజుగుడ్డ సెలైన్‌లో తడిపి, పిండి, వేలికి చుట్టి, కొత్త పాలిథిన్ కవర్లో పెట్టి మూతి ముడేసింది. ఆ కవరుని ఐసు కలిపిన నీళ్లున్న టిఫిన్ బాక్సులో పెట్టింది. అంటే వేలికి చల్లదనం తగులుతుంది, ఐసు తగలదు, నీళ్లూ తగలవు. మూత మీద వేలు తెగిన టైము రాసింది. ట్యూబు విప్పించి, గాయం మీద శుభ్రమైన గుడ్డ మడతపెట్టి నొక్కి, చేయి ఎత్తి పట్టుకోమంది. పసుపుని దగ్గరకే రానివ్వలేదు. నాయనమ్మకి ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా కారెక్కే ముందు ఎవరో బావకి టీ తాగించేశారు. నీరసంగా ఉన్నాడని జాలి! ఆపరేషన్‌కి కడుపు ఖాళీగా ఉండాలి. ఆపరేషన్ చేసేచోట మత్తు డాక్టరు ఏం తిన్నాడు, ఎప్పుడు తాగాడు అని అడిగితే ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

దారిలో ఒక టౌనులో ప్రైవేటు ఆసుపత్రి దగ్గర ఆగాం. ఊరు, పేరు వద్దు. ఎక్స్‌రే తీయించారు, బిల్లు కట్టించుకున్నారు, బెంచీ మీద కూర్చోబెట్టారు. చివరికి ‘ఎముక కొంచెం తగ్గించి చర్మం మూసి కుట్టేస్తాం, రెండ్రోజుల్లో ఇంటికెళ్లిపోవచ్చు’ అన్నారు. అతికించే వైద్యం ఒకటుందని మాటవరసకైనా చెప్పలేదు. ‘మైక్రోసర్జరీ (మైక్రోస్కోపు కింద రక్తనాళాలు కుట్టే ఆపరేషన్) చేసేవాళ్లున్నారా సార్’ అని మా చెల్లి అడిగితే, అప్పుడు విశాఖపట్నం వెళ్ళమన్నారు. ప్రతి టౌనులో మైక్రోస్కోపు ఉండదు, అది వాళ్ల తప్పు కాదు. ఆ ముక్క గుమ్మంలోనే చెప్పొచ్చుగా! శ్రీకాకుళం నుంచి విశాఖకి వంద కిలోమీటర్ల పైమాటే. అక్కడికి వెళ్లాక మళ్ళీ ఎక్స్‌రే తీశారు.

ఇక మీ గంటల లెక్క. వేలిలో కండరం ఉండదు కాబట్టి కాసేపు రక్తం అందకపోయినా ఓర్చుకుంటుంది. మామూలు వేడిలో సుమారు 12 గంటలు, చల్లగా ఉంచితే 24 వరకూ అవకాశం ఉంటుందంటారు. మోచేయి దగ్గరో, తొడ దగ్గరో తెగితే అందులో కండ ఎక్కువ, మామూలు వేడిలో 6 గంటలు దాటితే కష్టం. వేలికి టైముంది కదా అని దారిలో హోటల్ దగ్గర ఆగకండి. మావాళ్లు ఆగుదామన్నారు.

విశాఖలో సర్జన్ మొదట అడిగింది టిఫిన్ బాక్సు. బావకి మత్తిచ్చేలోపే తెగిన ముక్కలో రక్తనాళాలు వెతకడం మొదలుపెట్టారట. ముందు ఎముకని సన్నని తీగతో నిలబెట్టడం, తర్వాత వేలిని కదిలించే స్నాయువులు, ఆ తర్వాత మైక్రోస్కోపు కింద ధమని, నరాలు, సిరలు కుట్టడం. ఆ నాళాల మందం మిల్లీమీటరు అటూ ఇటూ, కుట్టే దారం తలవెంట్రుక కంటే సన్నం. తెల్లవారేదాకా చేశారు.

ఇది నిన్నా మొన్నా కనిపెట్టిన వైద్యం కూడా కాదు. 1962లో బోస్టన్‌లో గూడ్సు రైలు ఎక్కబోయి చేయి తెగిపోయిన 12 ఏళ్ల కుర్రాడికి రొనాల్డ్ మాల్ట్ బృందం చేతిని అతికించింది. వేలి నాళాలు మరీ చిన్నవి కదా, 1965లో జపాన్‌లోని నారాలో కొమాట్సు, తమాయ్ అనే డాక్టర్లు పూర్తిగా తెగిన బొటనవేలిని అతికించారు. అరవై ఏళ్లు దాటింది. మన పెద్దాయన ఇంకా ‘అతుకుతాదేటి’ దగ్గరే ఉన్నాడు.

మర్నాడు వేలు నీలం తిరిగింది. మాకు టెన్షన్. రక్తం లోపలికి వెళ్తోంది గానీ సిరల ద్వారా బయటికి రావట్లేదన్నారు. వేలి చివర చిన్న గాటు పెట్టి, రక్తం గడ్డకట్టకుండా మందు వేస్తూ కారనిచ్చారు. ఇలాంటప్పుడు కొన్ని చోట్ల జలగల్ని పట్టిస్తారట. అమెరికా వాళ్లు 2004లో జలగని వైద్య పరికరంగా ఆమోదించారు కూడా. ఈ మాట నాయనమ్మ చెవిన పడగానే “మన చెరువులో ఎన్ని కావాలి?” అని లేచింది. ఆసుపత్రిలో వాడేవి దాని కోసమే శుభ్రంగా పెంచిన జలగలని చెప్తే నమ్మలేదు.

ఆవిడతో ఇంకో గొడవ అడ్డచుట్ట. మన జిల్లా సంగతి తెలిసిందే, నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. పొగాకులోని నికోటిన్ రక్తనాళాల్ని బిగించేస్తుంది, అతికించిన వేలికి విషమే. పక్కవాళ్ల పొగ కూడా వద్దన్నారు. గదిలో ఏసీ ఆపించి వెచ్చగా ఉంచారు, బావకి కాఫీ మాన్పించారు. నాయనమ్మని వార్డు బయటే కూర్చోబెట్టాం.

వేలు నిలిచింది. కొత్తలా ఉందని అబద్ధం చెప్పను. పైకణుపు సరిగా మడవదు, చలికాలం తెల్లవారుజామున జివ్వుమని లాగుతుంది. నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుందట, స్పర్శ రావడానికి నెలలు పట్టింది. ఫిజియోథెరపీ చేసేటప్పుడు బావ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అయినా పాలు పితుకుతున్నాడు, కొడవలి పడుతున్నాడు. చేతిపనిలో సుమారు 40 శాతం బొటనవేలిదే అంటారు డాక్టర్లు. అందుకే బొటనవేలికీ, చిన్నపిల్లల వేళ్లకీ తప్పకుండా ప్రయత్నిస్తారు. పెద్దవాళ్లకి ఒక్క చూపుడువేలు తెగితే ఒక్కోసారి వద్దనే అంటారు, బిగుసుకుపోయిన వేలు మిగతా వాటికి అడ్డమని.

నా బాధ వలస వెళ్లిన కుర్రాళ్ల గురించి. మా చుట్టుపక్కల నుంచి చెన్నైకీ హైదరాబాదుకీ వెళ్లి ప్రెస్ మిషన్ల మీద పనిచేసి, వేళ్లు పోగొట్టుకుని సంక్రాంతికి వచ్చినవాళ్లు ఉన్నారు. వేలేదిరా అంటే, కంట్రాక్టరు దగ్గర్లో క్లినిక్కి తీసుకెళ్లి కుట్లేయించాడంటారు. ఆ ముక్క ఎవరైనా తీసి దాచారా అని అడిగితే నన్ను పిచ్చోడిలా చూస్తారు.

పన్ను సంగతి కూడా అడిగారు. దానికి గంటలు కూడా ఉండవు, అరగంటలోపు అయితే మంచి ఆశ. మా మేనల్లుడికి క్రికెట్ బంతి తగిలి ముందుపన్ను ఊడితే, వాళ్ల స్కూల్లో ఒక సారు దాన్ని కుళాయి కింద బ్రష్షుతో తోమి, కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు. వేరు మీద సన్నటి పొర ఉంటుంది, అతుక్కునేది దాని వల్లే. తోమితే పోయింది, ఎండితే పోయింది. పన్నుని తెల్లగా కనబడే భాగం దగ్గర పట్టుకుని, మట్టి ఉంటే పాలతోనో నీళ్లతోనో ఒక్కసారి కడిగి, వెంటనే ఆ గుంటలోనే పెట్టేసి, గుడ్డ కొరికి పట్టుకుని డెంటిస్టు దగ్గరకి పరుగెత్తాలి. ధైర్యం చాలకపోతే చల్లటి పాలలో వేసి తీసుకెళ్ళండి, నీళ్లలో వద్దు. పాలపన్ను అయితే మాత్రం తిరిగి పెట్టరు, కింద ఉన్న అసలు పన్ను దెబ్బతింటుందని. దాన్ని మన పద్ధతిలో పేడముద్దలో పెట్టి ఇంటి మీదకి విసురుకోండి, ఏ డాక్టరూ కాదనడు.