నెలనెలా వచ్చే వంద

ప్రశ్న: నా వయసు 34, ఉద్యోగం చేస్తున్నాను. లైంగిక దోపిడీ నుంచి బయటపడ్డ పిల్లలకూ యువతకూ నీడనిచ్చే ఓ చిన్న స్వచ్ఛంద సంస్థలో రెండేళ్లుగా శనివారాలు పాఠాలు చెబుతున్నాను. వాళ్లకు అండగా ఉన్న పెద్ద దాత ఒకరు తప్పుకున్నారు. చేతిలో ఉన్నది నాలుగు నెలలకే సరిపోతుంది. ఆన్‌లైన్‌లో నలుగురినీ కూడగట్టి ఏడాది ఖర్చు ఒకేసారి రాబట్టాలని నా ఆలోచన. విరాళాలు నా ఖాతాలోకి తీసుకుని నెలాఖరున సంస్థకు పంపేస్తాను. ప్రకటనల కోసం మా పొదుపులోంచి రెండు నెలల జీతం పెడదామనుకుంటున్నాను. ఆ పొదుపు మొత్తం కలిపితే మా ఇంటికి ఐదు నెలల ఖర్చు. అక్కడి అమ్మాయి ఒకరు తన కథ వీడియోలో చెప్పడానికి కూడా ఒప్పుకుంది. మావారేమో 'ముందు మన ఇల్లు చూసుకో' అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఖాతా సంగతి తేల్చేద్దాం. వద్దమ్మా. ఒక్క పైసా కూడా మీ ఖాతాలో పడనివ్వకండి.

ఇది మీ మీద నమ్మకం లేక చెప్పడం లేదు. చాలా ఏళ్ల కిందట తోటి ఉద్యోగి ఆపరేషన్ కోసం నేనూ ఇలాగే నా ఖాతాలో చందాలు పోగుచేశాను. డబ్బు చేరాల్సిన చోటికే చేరింది. కానీ ఎవరెంత ఇచ్చారో సరిగ్గా రాసుకోలేదు. అది నా ఆదాయం కాదని పన్ను అధికారులకు నచ్చజెప్పేసరికి ఏడాది గడిచింది. అంతకన్నా గుచ్చుకున్నది ఇంకొకటి ఉంది. ఓ పాత మిత్రుడు నవ్వుతూనే 'ఇంతకీ మొత్తం ఎంత వచ్చింది?' అని అడిగాడు. లెక్క చూపించడానికి నా దగ్గర కాగితం లేదు.

కాబట్టి దాత ఇచ్చింది నేరుగా సంస్థ ఖాతాకే వెళ్లాలి, రసీదు సంస్థే ఇవ్వాలి. పన్ను మినహాయింపు లాంటివి ఉంటే అవి వర్తించేది నమోదైన సంస్థకు ఇచ్చినప్పుడే. మీకిచ్చిన డబ్బు చట్టం దృష్టిలో మీకిచ్చిన కానుకే అయిపోవచ్చు. నిధుల సేకరణ వేదిక ఏదైనా ఎంచుకుంటే, వచ్చిన డబ్బు ఎవరి పేరున జమ అవుతుందో మొదటి రోజే చూడండి. అక్కడ మీ పేరు కనిపిస్తే ఆగిపోండి.

రసీదు విషయంలో మామూలు సంస్థలకు లేని చిక్కు ఒకటి ఇక్కడుంది. రసీదు మీద అచ్చయ్యే చిరునామా పిల్లలు ఉండే ఇంటిది కాకూడదు. వాళ్లను వాడుకున్న మనుషులు వెతుక్కుంటూ వచ్చే ప్రమాదం ఊహల్లోది కాదు. కార్యాలయం చిరునామా వేరేగా ఉందో లేదో అడగండి. మీ శనివారం ఫొటోలకు లొకేషన్ జోడించే అలవాటుంటే అది కూడా మానేయండి. ఫోన్‌తో తీసిన ఫొటో ఫైల్లోనే తీసిన చోటు వివరాలు దాగి ఉండొచ్చు.

ఇక మీవారి మాట. ఆయన సగం సరిగ్గానే చెప్పారు. ఐదు నెలల ఖర్చుకు సరిపడా పొదుపు ఉన్న ఇల్లు అందులో పెద్ద భాగం ప్రకటనలకు తీస్తే, ఉద్యోగంలో చిన్న కుదుపు వచ్చినా మీరే ఇంకొకరి సాయం కోసం చూడాల్సి వస్తుంది. పొదుపు ముట్టుకోకండి. జీతంలోంచి, అదీ మీ ఇద్దరూ కలిసి కూర్చుని ఒప్పుకున్న మొత్తం, నెలనెలా ఇవ్వండి. అది నూటికి ఐదైనా పరవాలేదు. 'తక్కువ పడితే నేను వేస్తాను' అన్న మాట మాత్రం సంస్థకు గానీ దాతలకు గానీ ఇవ్వొద్దు. అది అప్పు పత్రం మీద హామీ సంతకం పెట్టడంతో సమానం. ఎంతకు పెట్టారో కూడా తెలియని సంతకం.

ప్రకటనలకు డబ్బు అసలే వద్దు. మీకు కావలసింది పదివేల మంది అపరిచితుల జాలి కాదు, వంద మంది తెలిసినవాళ్ల మాట.

ఏడాది ఖర్చు ఒకేసారి రాబట్టాలన్న మీ ఆలోచనతోనే నాకు అసలు పేచీ. ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి భగ్గున అంటుకోవడం మనం చూస్తూనే ఉన్నాం. 2014 వేసవిలో నెత్తిన ఐసు నీళ్లు గుమ్మరించుకునే సవాలు ప్రపంచమంతా పాకింది, ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే అమెరికాలోని ఏఎల్‌ఎస్ అసోసియేషన్‌కు దాదాపు 11.5 కోట్ల డాలర్లు వచ్చిపడ్డాయి. మరుసటి ఏడాది మళ్లీ ప్రయత్నించినా ఆ ఊపు రాలేదు. పరిశోధనకు ఒక్కసారి పెద్ద మొత్తం వచ్చినా ఉపయోగమే, దాన్ని ఏళ్ల తరబడి పంచి వాడుకోవచ్చు. మీ సంస్థ పని అలాంటిది కాదు. అక్కడి పిల్ల మనిషిని నమ్మడానికే నెలలు పడుతుంది. కౌన్సెలర్ మధ్యలో మారిపోతే కథ మళ్లీ మొదటికొస్తుంది. నిరుటి వాన నీటితో ఏడాదంతా సాగు చేయలేనట్టే, ఒక్కసారి వచ్చిన డబ్బును నమ్ముకుని కౌన్సెలర్‌కు మూడేళ్ల ఉద్యోగం ఇవ్వలేరు. వచ్చే నెల కూడా వస్తుందని తెలిసిన డబ్బుంటేనే ఇవ్వగలరు.

అందుకని లక్ష్యాన్ని తిరగరాయండి. ఏడాదికి ఎంత కావాలి అని కాదు, నెలకు ఎంత లోటు అని అడగండి. ఆ లోటును వందతో భాగించండి. వచ్చినంత మంది నెలవారీ దాతలు మీకు కావాలి.

అందులో కొందరు జారిపోతారు, అది కూడా లెక్కలో వేసుకోండి. ఈ రోజు 100 మంది చేరారనుకుందాం. ప్రతి నెలా ఉన్నవాళ్లలో నూటికి ఐదుగురు మానేశారనుకుందాం. ఏడాది తిరిగేసరికి 54 మంది మిగులుతారు. ఆ పన్నెండు నెలల్లో 1,200 వాయిదాలు రావలసిన చోట వచ్చేవి సుమారు 920. సంస్థ బడ్జెట్‌లో 1,200 అని రాసుకుంటే దాదాపు మూడు నెలల జీతాలకు డబ్బుండదు. జారిపోయినవాళ్ల స్థానంలో నెలకు నలుగురైదుగురిని కొత్తగా చేర్చుకుంటూ పోతే చెరువు ఎండదు. మీ పని నిజానికి ఇదే, ఇందులో వైరల్ అయ్యేది ఏమీ లేదు.

రుసుముల సంగతీ చూడండి. చెల్లింపు సంస్థలు చాలాచోట్ల కొంత శాతం, దానిపైన ప్రతి లావాదేవీకీ స్థిరంగా కొంత తీసుకుంటాయి. ఉదాహరణకు 3 శాతం, పైన మరో 3 అనుకోండి. వెయ్యి ఇచ్చిన దాత నుంచి పోయేది 33, అంటే 3.3 శాతం. యాభై ఇచ్చిన దాత నుంచి పోయేది నాలుగున్నర, అంటే 9 శాతం. నెలకు యాభై ఇవ్వగలిగినవాళ్లను మూడు నెలలకోసారి నూటయాభై ఇవ్వమంటే ఆ కోత 5 శాతానికి దిగుతుంది. బ్యాంకు నుంచి నేరుగా జరిగే నెలవారీ బదిలీకి రుసుము లేకపోతే అదే మేలు.

ఇప్పుడు వీడియో. దీని గురించి డబ్బు సలహాదారు మాట్లాడడమేమిటని మీకు అనిపించొచ్చు. నిధుల సేకరణలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు జరిగేది ఇక్కడే.

మనుషులు అంకెలకు కరగరు, ఒక్క ముఖానికి కరుగుతారు. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ 2007లో అచ్చువేసిన అధ్యయనంలో, లక్షల మంది ఆకలి గణాంకాలు చదివినవాళ్ల కంటే ఒక్క పాప గురించి చదివినవాళ్లు ఎక్కువ ఇచ్చారు. పాప కథ పక్కన గణాంకాలు కూడా పెడితే విరాళం తగ్గింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, దాని భాగస్వాములు కలిసి 2022లో వెలువరించిన అంచనా ప్రకారం బలవంతపు చాకిరీలో 33 లక్షల మంది పిల్లలున్నారు, అందులో సగానికి పైగా వాణిజ్య లైంగిక దోపిడీలో ఉన్నారు. ఈ అంకె మీరు పెట్టినా జనం వేలితో తోసేసి ముందుకెళ్లిపోతారు. ఆ అమ్మాయి ముఖం పెడితే ఆగుతారు. అందుకే ఆ ఆకర్షణ అంత బలమైనది.

అయినా పెట్టకూడదు. ఆమె ఒప్పుకుందన్నారు. ఎవరి కప్పు కింద నిద్రపోతోందో వాళ్లకోసం అడిగితే 'వద్దు' అనగలదా? సంస్థ మూతపడుతుందని తెలిశాక ఆ ఒప్పుకోలుకు ఎంత విలువ? పదేళ్ల తర్వాత ఆమె ఉద్యోగానికి వెళ్తుంది, పెళ్లి చేసుకోవచ్చు, పిల్లలు పుట్టొచ్చు. వీడియోను మీరు తీసేసినా ఎవరి ఫోన్లో దాగి ఉంటుందో చెప్పలేం. ముఖం మసకచేసినా గొంతు, చేతి మీద మచ్చ, వెనకున్న కిటికీ చాలు, తెలిసినవాడు గుర్తుపట్టడానికి. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికకు అనుబంధంగా, పిల్లల అమ్మకం, లైంగిక దోపిడీ మీద 2000లో చేర్చిన ఐచ్ఛిక ప్రోటోకాల్ 8వ అధికరణం బాధిత పిల్లల గోప్యతను, గుర్తింపును కాపాడమని సభ్య దేశాలను కోరుతోంది. చాలా దేశాల చట్టాల్లో బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం కూడా. సదుద్దేశంతో చేశామన్నంత మాత్రాన వదిలిపెట్టరు.

కథల మీద కట్టిన నిధి ఎంత బలహీనమో ఈ రంగమే చూసింది. కంబోడియాకు చెందిన సోమాలీ మామ్ ఈ పనికి ప్రపంచమంతటా పేరు తెచ్చిన వ్యక్తి. ఆమె చెప్పుకున్న గతం మీద, వేదికలెక్కిన కొందరి కథల మీద 2014 మేలో న్యూస్‌వీక్ ప్రశ్నలు లేవనెత్తింది. ఆరోపణలను ఆమె తర్వాత తోసిపుచ్చారు. కానీ ఆ నెలలోనే తన పేరున్న ఫౌండేషన్ నుంచి తప్పుకున్నారు, ఆ ఏడాదే ఫౌండేషన్ మూతపడింది. ఎవరి మాట నిజమైనా, నష్టపోయింది ఆ డబ్బు మీద ఆధారపడ్డ పిల్లలే.

మరి ముఖం లేకుండా మనసు కదిలేదెలా? ఒక మనిషికి బదులు ఒక పనిని చూపించండి. రాత్రి కాపలాకు మేలుకుని ఉండే ఆయా ఒక్క రాత్రి జీతం. కోర్టుకు వెళ్లే రోజు తోడు వెళ్లే మనిషి ప్రయాణ ఖర్చు. కౌన్సెలర్‌తో గడిపే ఒక గంట. ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టే పిల్లకు పరీక్ష ఫీజు. రెండేళ్లుగా శనివారాలు అక్కడ గడిపిన మీ అనుభవం కూడా ఉంది, అది మీ కథ, మీరే చెప్పొచ్చు. పిల్లల గురించి కాకుండా మీ గురించి చెప్పండి: మొదటి రోజు మీరెంత తడబడ్డారో, సుద్దముక్క పట్టుకుని ఏం మాట్లాడాలో తెలియక ఎలా నిలబడిపోయారో.

మాటల విషయంలో కూడా జాగ్రత్త. 'బాల వ్యభిచారం', 'వేశ్యావృత్తిలో ఉన్న బాలిక' అని రాయకండి. పిల్లలకు అది వృత్తి కాదు, వాళ్ల మీద జరిగిన నేరం. ఈ పదాలను ఎలా వాడాలో వివరిస్తూ 2016లో లక్సెంబర్గ్ మార్గదర్శకాలు వచ్చాయి, లైంగిక దోపిడీ అనే అనమంటాయి. బాలికలే బాధితులన్నట్టు కూడా రాయొద్దు, అబ్బాయిలు సాయం అడగడానికి ఇంకా వెనకాడతారు.

'నేనిచ్చింది మొత్తం పిల్లలకే వెళ్తుందా, జీతాలకు పోతుందా?' అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. తడబడకండి. ఈ పనిలో జీతమే సేవ. ఆయా, కౌన్సెలర్, వకీలు లేకపోతే మిగిలేది నాలుగు గోడలు. ఖర్చుల శాతం ఒక్కటే చూసి సంస్థను తూచవద్దని 2013లో గైడ్‌స్టార్, ఛారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ దాతలకు బహిరంగ లేఖ రాశాయి. సంస్థలకు మార్కులు వేసేవాళ్లే ఆ మాటన్నారు. మీ విజ్ఞప్తిలో 'సంస్థ సాధారణ అవసరాలకు' అని స్పష్టంగా రాయండి. 'పుస్తకాలకు' అని రాస్తే వచ్చింది పుస్తకాలకే వాడాలి, అద్దె కట్టడానికి కుదరదు. 'వచ్చి పిల్లల్ని చూసి వెళ్తాం' అనే దాతకు కుదరదని మర్యాదగా చెప్పండి, బదులుగా మూడు నెలలకోసారి లెక్కల కాగితం పంపండి.

మొదలుపెట్టే ముందు సంస్థ నుంచి నమోదు పత్రం, ఆడిట్ అయిన గత రెండేళ్ల లెక్కలు అడగండి. బ్యాంకు ఖాతాలో చెల్లింపుకు ఇద్దరి సంతకాలు కావాలో ఒక్కరిదే చాలో కనుక్కోండి. ఒక్క దాత మీద అంత ఎందుకు ఆధారపడ్డారో కూడా అడగండి. జవాబు చెప్పడానికి ఇబ్బంది పడితే పరవాలేదు, చెప్పడానికి ఇష్టపడకపోతే మాత్రం మీ పేరు పెట్టి నలుగురినీ అడగకండి. మీ పోస్టు కింద ఎవరైనా 'నాకూ ఇలా జరిగింది' అని రాయొచ్చు. అలాంటివాళ్లకు ఇవ్వడానికి హెల్ప్‌లైన్ నంబరు సిద్ధంగా ఉంచుకోండి, వాళ్లతో మాట విడిగా సాగించండి.

మొదటి నెల తెలిసినవాళ్లలో ఇరవై మందికి ఒక్కొక్కరికీ విడివిడిగా రాయండి. గుంపుకు రాసిన మాటకు ఎవరూ జవాబుదారీగా ఉండరు. ఆ ఇరవై మందిలో పన్నెండు మంది చేరితే, చేరిన ప్రతి ఒక్కరినీ నెలకు ఇంకొకరిని తీసుకురమ్మనండి. నాలుగు నెలల గడువు ఉంది, ఈ లెక్కకు అది చాలు. ఆ అమ్మాయితో మాత్రం అంతవరకూ ఆగకండి. ఈ శనివారమే, పాఠం మొదలుపెట్టకముందే, వీడియో ఏమీ తీయడం లేదని చెప్పేయండి.