మందులే లేనిచోట పరిశోధనకి డబ్బెందుకు?

మీరు అడిగింది ఇదీ: పేద దేశాల సర్కారు ఆస్పత్రుల్లో మాత్రలకే దిక్కులేదు. ‘ఆరోగ్య వ్యవస్థల బలోపేతంపై పరిశోధన’ అంటూ బ్రిటన్, కెనడా లాంటి దేశాలు ఇచ్చే డబ్బు సర్వేలకీ సెమినార్లకీ పోయడమెందుకు, ఆ సొమ్ముతో మందులు కొని పంచితే పోలేదా అని.

నేను ఆరేళ్లు ఈ ప్రాజెక్టుల్లోనే తిరిగాను. మొదట ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగే కుర్రాడిగా, తరవాత ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా. నా జీతం వచ్చింది ఆ విదేశీ డబ్బులోంచే, కాబట్టి నా మాట ఆ మేరకు తగ్గించుకుని చదవండి. చేరిన కొత్తలో నాదీ మీ ప్రశ్నే. మా అమ్మయితే ఇంకా ఘాటుగా అడిగేది: “రోగం ఉందా అని అడిగి, మందివ్వకుండా వచ్చేస్తారా? అదేం ఉద్యోగంరా?”

గోదావరి మెట్ట ప్రాంతంలో మా మొదటి పని. బీపీ ఉందని తేలి, మాత్రలు మొదలుపెట్టినవాళ్లు నాలుగైదు నెలలకే ఎందుకు మానేస్తున్నారో తేల్చాలి. ఎవర్ని కదిపినా ఒకటే జవాబు: “అవగాహన లేదండీ. పాంప్లెట్లు వేయిద్దాం.” ఓ జీడిమామిడి తోట పక్క ఇంట్లో ఒక మామ్మగారు ఉండేది, అరవై అయిదు దాటుంటాయి. మాత్రలు చూపించమంటే పోపుల డబ్బా తెచ్చింది. ఒక గిన్నెలో ఆవాలు, పక్క గిన్నెలో షీటులోంచి కత్తెరతో ఒక్కొక్కటిగా కత్తిరించిన మాత్రలు. గోడమీద క్యాలెండర్లో రోజు విడిచి రోజు కాటుక చుక్క. రోజూ వేసుకోవాలని తెలీదా మామ్మా అంటే నన్ను వెర్రివాణ్ని చూసినట్టు చూసింది. “ఎందుకు తెలీదు బాబూ? పదిరోజులకే ఇస్తారు. మళ్లీ వెళ్లాలంటే ఆటోకి నలభై, ఆ రోజు కూలి పోద్ది. అందుకని ఇరవై రోజులకి సర్దుకుంటన్నా.”

అవగాహన ఆవిడకి మాకంటే ఎక్కువే ఉంది.

పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ఫార్మసిస్టు గారి దగ్గర కూర్చున్నాం. నెలకి సరిపడా ఎందుకివ్వరు అంటే ముందు నవ్వేశారు. టీ తాగాక చెప్పారు. మూడు నెలలకోసారి ఇండెంట్, అంటే కావలసిన మందుల కోరిక పత్రం, పెట్టాలి. ఎంత పంపాలనేది కిందటి మూడు నెలల్లో ఎంత వాడారన్నదాన్ని బట్టి లెక్కేస్తారు. మధ్యలో స్టాకు సున్నా పడితే పైనుంచి ఫోనొస్తుంది, ఆ టెన్షన్ పడలేక పది పది చొప్పున ఇచ్చి సర్దుతున్నారు. తక్కువ ఇస్తే వాడకం తక్కువ కనపడుతుంది, తరవాతి విడతలో ఇంకా తక్కువ వస్తుంది. రిజిస్టర్ ప్రకారం అక్కడ కొరతే లేదు! ఒక్కసారి కూడా సున్నా పడలేదు మరి.

ఇప్పుడు మీరు ఆ ఊరికి లారీడు మాత్రలు పంపించారనుకోండి. ఓ రెండు విడతలు అందరూ సుఖంగా ఉంటారు. ఆ తరవాత ఇండెంట్ లెక్క మళ్లీ అదే దారిలో వెళ్తుంది, ఎందుకంటే ఆ మాత్రలు మీరు ఇచ్చినవి, అక్కడి వాడకం కింద రాయరు. ఇది తెలియడానికి విదేశీ నిధి కావాలా అంటారేమో. ఫార్మసిస్టు గారికి ఎప్పుడో తెలుసు, నిజమే. కానీ ఆయన్ని అడిగిన నాథుడు లేడు. పైగా ఒక్కరి మాటైతే సాకు అంటారు. పదకొండు పీహెచ్‌సీల రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి, ఇళ్లలో ఉన్న మాత్రల లెక్కతో సరిచూస్తేనే పైవాళ్లు వింటారు. అలా చూడ్డానికి నలుగురికి జీతమిచ్చి ఎండలో తిప్పాలి. పరిశోధన నిధి అంటే చాలావరకు అదే.

నాది చిన్న ఉదాహరణ. పెద్దది కావాలంటే టాంజానియా చూడండి. 1990ల్లో కెనడా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఐడీఆర్‌సీ, టాంజానియా ఆరోగ్య శాఖ కలిసి రుఫీజీ, మొరొగోరో అనే రెండు జిల్లాల్లో ఒక పని మొదలుపెట్టాయి. అక్కడ చావుల్లో ఎక్కువభాగం ఇళ్లలోనే, ఆస్పత్రి రికార్డుకి ఎక్కవు. అందుకని మనుషులు ఇంటింటికీ వెళ్లి, ఎవరు పోయారు, ముందు ఏ లక్షణాలు కనపడ్డాయి అని కుటుంబాలని అడిగి లెక్క రాశారు. తేలిందేమిటంటే, మొరొగోరోలో అకాలమరణాల వల్ల జనం కోల్పోతున్న ఆయుష్షులో 30 శాతం మలేరియా ఖాతాలోదే. 1996లో జిల్లా ఆరోగ్య బడ్జెట్లో దానికి కేటాయించింది 5 శాతం. ఎవరి దుర్మార్గమూ కాదు, జిల్లా అధికారుల చేతిలో ఆ లెక్కే లేదు. లెక్క చేతికొచ్చాక ఖర్చుని ఎక్కువ ప్రాణాలు తీస్తున్న జబ్బుల వైపు మళ్లించారు. దోమతెరలు, పిల్లల జబ్బులు చూడ్డంలో సిబ్బందికి శిక్షణ, అలాంటివి. అదనంగా ఖర్చయింది మనిషికి ఏడాదికి సుమారు 80 అమెరికన్ సెంట్లు. ఐదేళ్లలో ఐదేళ్లలోపు పిల్లల మరణాలు 40 శాతానికి పైగా తగ్గాయి. అంతా ఆ ఒక్క ప్రాజెక్టు పుణ్యమే అనను, కానీ అదే డబ్బుని కళ్లు మూసుకుని పంచి ఉంటే ఇంత ఫలితం వచ్చేదని నేను నమ్మను.

ఫలితం రాని పరిశోధన సంగతేంటని అడగొచ్చు. అది దండగని నేననుకోను. పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల పరిధిలో ఆశా కార్యకర్తలకి ట్యాబ్‌లిచ్చి, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్నవాళ్లని గుర్తించి డాక్టర్ దగ్గరికి పంపే పద్ధతిని పరీక్షించారు. చాలా బాగా తలపెట్టిన పని. (నేను అందులో లేను.) 2019లో ఫలితాలు అచ్చయ్యాయి: బీపీ అదుపులోకి రావడంలో, ట్యాబ్ పద్ధతి నడిచిన ఊళ్లకీ నడవని ఊళ్లకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ పరీక్షే జరక్కపోతే ఏమయ్యేది? ఎవరో ఒక మంత్రిగారు ఫొటో దిగి, రాష్ట్రమంతటికీ ట్యాబ్‌లు కొనేసేవారు.

ఇక నా పేచీ. డబ్బు ఇవ్వడం తప్పు కాదు, ఇచ్చే తీరులో తప్పుంది. బ్రిటన్‌లో పరిశోధన మండళ్లు, వైద్య పరిశోధనకి డబ్బిచ్చే వెల్‌కమ్ ట్రస్ట్, అక్కడి అప్పటి విదేశీ సాయం శాఖ కలిసి సరిగ్గా ఈ ఆరోగ్య వ్యవస్థల పరిశోధన కోసమే ఉమ్మడి నిధి పెట్టాయి, మంచిదే. కానీ నేను చూసిన ప్రాజెక్టులన్నీ మూడేళ్లవి. మొదటి ఏడాది, పరిశోధనలో జనానికి అన్యాయం జరక్కుండా చూసే నీతి కమిటీ అనుమతులకీ, ఒప్పందాలకీ, నియామకాలకీ పోతుంది. మూడో ఏడాది అందరి చూపూ తరవాతి ఉద్యోగం మీదే. పని జరిగేది నడిమి ఏడాదే. మాది ఒకటి గడువు ముగిసిన నెలలోనే ఆఫీసు ఖాళీ చేశాం. ఆడిట్ కోసం కుర్చీలు కూడా లెక్కపెట్టారు. మేం నేర్పించిన పద్ధతి నిలబడిందో లేదో చూడ్డానికి మాత్రం పైసా మిగల్లేదు.

మహారాష్ట్రలోని గడ్చిరోలి సంగతి చూడండి, మన తెలంగాణ సరిహద్దు అవతలే. అభయ్ బంగ్, రాణి బంగ్ అనే డాక్టర్ దంపతులు పల్లె ఆడవాళ్లకి శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గరే పసికందుల్ని చూసే పద్ధతిని 1995 నుంచి అమలుచేసి చూశారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కేంద్ర ప్రభుత్వం ఆశాల ద్వారా ఇంటి దగ్గర శిశు సంరక్షణని దేశమంతా చేపట్టింది 2011లో. మొత్తం 16 ఏళ్లు! వాళ్లు ఆ ఊళ్లలోనే కాపురముండి పట్టు వదల్లేదు కాబట్టి సాగింది. మూడేళ్ల గ్రాంటు అయితే రెండో అడుగుకే ఆగేది.

ఇంకొకటి, ఇచ్చేవాడి చెయ్యి ఎప్పుడు వెనక్కి పోతుందో తెలీదు. 1984 నుంచి అమెరికా డబ్బుతో నడిచిన డీహెచ్‌ఎస్ సర్వేలు (పేద దేశాల్లో ఇంటింటికీ వెళ్లి చేసే జనాభా, ఆరోగ్య సర్వేలు) 2025లో ఒక్కసారిగా ఆగాయి. ఎన్నో దేశాలకి పిల్లల మరణాల లెక్క దొరికేది వాటిలోనే. థాయ్‌లాండ్ ఈ విషయంలో తెలివైంది. 1992లోనే చట్టం చేసి సొంతంగా ఆరోగ్య వ్యవస్థల పరిశోధన సంస్థ పెట్టుకుంది. ఆస్పత్రికి వెళ్లినప్పుడల్లా 30 బాత్‌లు (వాళ్ల కరెన్సీ) కడితే చాలనే వైద్య పథకం 2002కల్లా దేశమంతా అమలయ్యేటప్పుడు, దాని ఖర్చు లెక్కలు కట్టిపెట్టింది ఆ దేశపు పరిశోధకులే. విదేశీ నిధి ఇలాంటి సంస్థ నిలబడ్డానికి పనికొస్తే నాకు సంతోషం. ఐదు రోజుల వర్క్‌షాపులకీ విమానం టికెట్లకీ పోతే మీతో కలిసి నేనూ తిడతాను.

మా బీపీ పని చివర్లో జరిగింది చెప్పి ముగిస్తాను. రిపోర్టు ఇంగ్లీషులో, పరిశోధన పేపరు ఇంగ్లీషులో. ఒక ఆశా అక్క అడిగింది, “మా గురించి ఏం రాశారు సార్?” అని. సిగ్గేసింది. నాలుగు పేజీల తెలుగు సారాంశం నేనే రాసుకుని, నెలవారీ ఆశా డే మీటింగులో చదివి వినిపించాను. బీపీ, షుగర్ క్లినిక్ రోజున జనం పల్చగా వస్తున్నారు, సిబ్బంది సమయానికి ఉండకపోవడం కారణం కావచ్చు అన్న వాక్యం దగ్గర వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. “క్లినిక్ మంగళవారం కదా సార్. మంగళవారం సంత. ఊళ్లో ఎవరుంటారు?”

రెండేళ్లు ఆ ఊళ్లలో తిరిగినవాళ్లం. ప్రతి మంగళవారం ఆ సంతలోనే మిరపకాయ బజ్జీలు తిన్నవాళ్లం. మాకెవరికీ తట్టలేదు, పేపరు చదివి సరిదిద్దిన విదేశీ పండితులకీ తట్టలేదు. ఆ దిద్దుబాటు పేపర్లోకి ఎక్కలేదు, అప్పటికే అచ్చయిపోయింది. క్లినిక్ మాత్రం ఆ తరవాతి నెల నుంచి గురువారానికి మార్చారు. మీటింగులో ముందు వరసలోనే కూర్చున్న డాక్టరమ్మగారు అక్కడికక్కడే డైరీలో రాసుకున్నారు.