బాలగోపాల్ గారి మీద వ్యాసం పంపిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. మొదటి రెండు పేజీల్లో పౌరహక్కుల లాయరు బాలగోపాల్ గారిని మహర్షి అన్నావు, అడవిబిడ్డల దేవుడన్నావు. హైకోర్టులో కేసులు వాదించిన మనిషి గురించి ఇంత రాసి ఒక్క కేసు కూడా చెప్పలేదేం? నాకు కోపం వచ్చింది అక్కడే. నాలుగో పేజీలో కొండరెడ్డి తెగ ముసలాయన వేలిముద్ర వేసిన సాదాకాగితం గురించి రాసిన నాలుగు వాక్యాలు మాత్రం బాగున్నాయి. వాటి కోసమే ఈ ఉత్తరం.

1/70 చట్టం అని రాసి ఊరుకున్నావు. ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతాల్లో, గిరిజనుల భూమి గిరిజనేతరులకి పోకుండా 1959లోనే చట్టం చేశారు. 1970 సవరణతో, అదే ఈ 1/70, అక్కడ ఎవరి భూమైనా సరే గిరిజనులకి తప్ప అమ్మడానికి వీల్లేదన్నారు. ఇంకో మాట కూడా చేర్చారు, అసలు సంగతి అదే: గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుల దగ్గర్నుంచి వచ్చినట్టే లెక్క, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. కాగితం లేని కోయ రైతు కాగితం చూపించక్కర్లేదన్నమాట. నీ ముసలాయన కథంతా దీనిమీదే నిలబడాలి, నువ్వేమో ఆయన కన్నీళ్ళ దగ్గర ఆగిపోయావు. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందని చెప్పాక కూడా బినామీ పేర్లు, స్టేలు, గిరిజన స్త్రీని పెళ్ళాడి ఆమె పేరున కొనడాలు ఆగలేదు. ఏజెన్సీ భూములు ఎలా చేతులు మారుతున్నాయో బాలగోపాల్ గారు ఎంత ఓపిగ్గా రాశారో వెతుక్కుని చదువు.

ఆయన కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పి, ఆ ఉద్యోగం వదిలేసి, చాలా ఏళ్ళు పౌరహక్కుల పనిలో తిరిగాక లాయరయ్యారు. 2009 ఫిబ్రవరి 6న హైకోర్టులో అయిదుగురు జడ్జీల బెంచి, ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే పోలీసుల మీద ఎఫ్‌ఐఆర్ పెట్టాల్సిందే, ఆత్మరక్షణ కోసమే కాల్చామన్నది వాళ్ళే విచారణలో రుజువు చేసుకోవాలి అంది. ఆ కేసులో వాదించినవాళ్ళలో ఆయనా ఉన్నారు. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఆ అక్టోబర్ 8నే ఆయన పోయారు, 57 ఏళ్ళకి. చూడు, అడవిలో భూమి దగ్గరా, అడవిలో శవం దగ్గరా తగువు ఒకటే, రుజువు భారం ఎవరి నెత్తిన ఉండాలని. నీ వ్యాసానికి వెన్నెముక ఇది, దీన్ని వదిలేసి విశేషణాలు ఎన్ని పేర్చినా నిలబడదు.

నేనూ ఒకప్పుడు ఏజెన్సీ భూమి మీద కథ రాశాను. ఒక్క పేరా కోసం మండలాఫీసులో గుమాస్తా విసుక్కుంటున్నా నిలబడి అడంగల్, అంటే ఊరి భూముల సాగు లెక్కల పుస్తకం, చదవడం నేర్చుకున్నాను. సంపాదకుడు సరిగ్గా ఆ పేరానే కొట్టేసి, "పాఠకులకి ఈ సెక్షన్ల టెన్షన్ ఎందుకండీ" అని తనే కాస్త వెన్నెల చేర్చి అచ్చేశాడు. ఇన్నేళ్ళైనా ఆ మంట ఆరలేదు. ఇప్పుడు నివాళి వ్యాసాలకీ అదే ఫ్యాషన్ పట్టుకుంది, చేతిసంచీ, చెప్పులు, నిరాడంబరం అంటూ. ఆయన నిరాడంబరంగా బతికింది నిజమే, కానీ ఎవరి భూమి వెనక్కి రావాలని అంత తిరిగారో చెప్పకపోతే ఆ సంచీలో ఏముందో పాఠకుడికెలా తెలుస్తుంది?

మొదటి రెండు పేజీలు తీసెయ్. రంపచోడవరం మీకు దగ్గరే అన్నావుగా, స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ (ఎస్‌డీసీ) కోర్టులో ఎల్టీఆర్ కేసులు, అంటే ఈ భూబదిలీ చట్టం కేసులు, విచారణకొచ్చే రోజు వెళ్ళి కూర్చో, వాయిదా పడితే మళ్ళీ వెళ్ళు. గిరిజనేతరుల తరఫు లాయరు ఏం వాదిస్తాడో అది కూడా వదలకుండా రాసుకో, బాలగోపాల్ గారు జవాబు చెప్పాల్సి వచ్చింది అలాంటి వాదనలకే.